నిప్పు ఎక్కడ ఆగింది?

పాత పెట్రోలు కారు. సెల్ఫ్ తిరుగుతుంది, బండి అందుకోదు. కొత్త సామాన్లు కొనేముందు చేయాల్సిన పని ఒకటుంది. స్పార్క్ నడిచే దారిని నడిమికి విరిచి, తప్పు ఏ పక్కనుందో తేల్చుకోవాలి.

షెడ్డులోని అంబాసిడర్‌కు సెల్ఫ్ కొడతారు. బ్యాటరీ బాగానే ఉంది. ఇంజిన్ గిరగిరా తిరుగుతోంది, అందుకోవడం మాత్రం లేదు. ఇంకోసారి కొడతారు. కాసేపటికి పెట్రోలు వాసన గుప్పుమంటుంది, ఆ వెనకే పక్కింటాయన వస్తారు. ‘కండెన్సర్ పోయుంటుందండీ’ అంటారు. పాలు పోయడానికొచ్చిన కుర్రాడు ‘కాయిల్ చూడండి సార్’ అంటాడు. ఒకప్పుడు లారీ తోలిన పెద్దాయనొకరు ‘ప్లగ్గులిప్పి శుభ్రంగా గీకండి, అదే అందుకుంటుంది’ అని తీర్పిచ్చేస్తారు. బానెట్ కింద ఉన్న ప్రతి సామాను పేరూ ఎవరో ఒకరి నోట వచ్చేస్తుంది. వాళ్లలో ఒకరి మాట నిజమై ఉంటుంది కూడా. అది ఎవరిదో తెలియకపోవడమే చిక్కు.

ఆ తర్వాత జరిగేదీ మనకు తెలిసిందే. మెకానిక్ వచ్చి పాయింట్లు, కండెన్సర్, రోటర్, ప్లగ్గులు అన్నీ ఒకేసారి మార్చేస్తాడు. బండి అందుకుంటుంది, బిల్లు కడతాం. తప్పు దేనిలో ఉందో ఆయనకూ తెలియదు, మనకూ తెలియదు. నెల తిరగకుండా మళ్లీ ఆగితే కథ మొదటికొస్తుంది. ఈసారి అనుమానించాల్సిన వాటిలో కొత్తగా వేసిన నాలుగు సామాన్లూ చేరతాయి.

ఇంత తంటా అక్కర్లేదు. పాత కారులో స్పార్క్ పుట్టి ప్లగ్గు దాకా వెళ్లే దారి ఒక్కటే. ఆ దారిలో ఉన్నవి గుప్పెడు సామాన్లే. వాటన్నిటినీ కంటితో చూడొచ్చు, చేత్తో విప్పొచ్చు. కంప్యూటర్ అవసరం లేదు. కావాల్సిందల్లా ఒక వరస.

తెగినప్పుడే పుట్టే నిప్పు

బ్యాటరీ కరెంటు తాళంచెవి స్విచ్ మీదుగా కాయిల్‌కు వస్తుంది. కాయిల్ లోపల ఒకే ఇనుప కడ్డీ మీద రెండు రకాల చుట్లుంటాయి. లావు తీగతో కొన్ని వందల చుట్లు, వెంట్రుకలాంటి సన్న తీగతో వేలకు వేల చుట్లు. లావు తీగలో పారిన కరెంటు డిస్ట్రిబ్యూటర్‌లోని సీబీ పాయింట్ల గుండా వెళ్లి బాడీకి ఎర్త్ అవుతుంది. ఇంజిన్ తిరుగుతుంటే డిస్ట్రిబ్యూటర్ ఇరుసు మీది క్యామ్ ఆ పాయింట్లను విడదీస్తుంది, కరెంటు టక్కున తెగుతుంది. నిప్పు పుట్టేది ఆ తెగిన క్షణంలోనే. అప్పటిదాకా కూడిన అయస్కాంత బలం ఒక్కసారిగా కూలిపోయి, సన్న తీగలో పదిహేను ఇరవై వేల వోల్టులు పుట్టుకొస్తాయి. పాయింట్ల పక్కనే ఉండే వేలెడంత కండెన్సర్ పని ఆ కరెంటు శుభ్రంగా తెగేలా చూడటం. అది లేకపోతే పాయింట్ల మధ్యే మంట సాగి, బలమంతా అక్కడే ఖర్చయిపోతుంది.

కాయిల్‌లో పుట్టిన ఆ వోల్టేజీ లావుపాటి వైరులో డిస్ట్రిబ్యూటర్ మూత నడిబొడ్డుకు చేరుతుంది. మూత లోపలి చిన్న కార్బన్ ముక్క దాన్ని తిరిగే రోటర్‌కు అందిస్తుంది. రోటర్ వంతులవారీగా నాలుగు ప్లగ్గు వైర్లకు పంచుతుంది. 1489 సీసీ పెట్రోలు అంబాసిడర్‌లో ఆ వంతు 1-3-4-2. రేడియేటర్ పక్కన ఉన్నది ఒకటో సిలిండర్.

నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 100 స్పార్కులు కావాలి. అంటే పాయింట్లు సెకనులో వందసార్లు మూసుకుని వందసార్లు తెరుచుకోవాలి. లూకాస్ తరహా డిస్ట్రిబ్యూటర్‌లో అవి పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఉండాల్సిన ఎడం 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. ఇంత సన్నని లెక్క మీద ఇంత రాపిడి పడుతుంటే తప్పు రాకపోతేనే ఆశ్చర్యం.

బ్యాటరీ, కాయిల్, పాయింట్లు కలిసిన ఈ ఏర్పాటును కార్లకు అలవాటు చేసినవాడు అమెరికాలోని ఒహాయో రాష్ట్రం డేటన్ పట్టణంలో పనిచేసిన ఛార్లెస్ కెటరింగ్. ఆయన డెల్కో సంస్థ తయారుచేసిన ఇగ్నిషన్ 1910 క్యాడిలాక్ కార్లలోకి ఎక్కింది. రెండేళ్లకు అదే కారుకు సెల్ఫ్ స్టార్టర్ కూడా అమర్చి హ్యాండిల్ తిప్పే బాధ తప్పించాడు. ఆ తర్వాత అరవై ఏళ్లకు పైగా ప్రపంచంలోని పెట్రోలు కార్లలో చాలా వాటికి ఇదే గుండె. మన అంబాసిడర్‌కూ, ఫియట్ 1100 నుంచి వచ్చిన ప్రీమియర్ పద్మినికీ ఇదే. డీజిల్ అంబాసిడర్ ఉన్నవారికి మాత్రం ఈ కథతో పని లేదు. దానికి స్పార్క్ ప్లగ్గే ఉండదు.

పానా పట్టకముందే

మొదట తేలాల్సింది, లేనిది స్పార్కా, పెట్రోలా అన్నది. ఒక ప్లగ్గు విప్పి దాని వైరు తగిలించి, లోహపు భాగం ఇంజిన్‌కు ఆనేలా పెట్టి సెల్ఫ్ కొట్టించండి. నీలి తెలుపు రంగులో చిటపటలాడితే ఆ ప్లగ్గుకు నిప్పు అందుతున్నట్టే, చూపు పెట్రోలు వైపు తిప్పాలి. ఏమీ లేకపోతే మరో ప్లగ్గుతో చూడండి. ఒక్క సిలిండర్‌కే రాకపోతే బండి మిస్సింగ్‌తోనైనా నడుస్తుంది. అసలు అందుకోవడం లేదంటే దేనికీ రావడం లేదని అనుమానించాలి. పసుపుపచ్చగా, పీలగా వచ్చే స్పార్క్‌ను నమ్మకండి. బయట గాలిలో దూకే నిప్పు, సిలిండర్‌లో నొక్కుకుపోయిన మిశ్రమం మధ్య దూకలేకపోవచ్చు.

రెండోది దొంగ స్విచ్. కారు ఎవరూ ఎత్తుకుపోకుండా డ్యాష్‌బోర్డు కిందో, సీటు కిందో కాయిల్ వైరును తెంపే స్విచ్ పెట్టించడం ఒకప్పుడు మన దగ్గర మామూలే. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారికి అది ఉందనే తెలియదు. కాలు తగిలి ఆఫ్ అయితే సెల్ఫ్ తిరుగుతుంది, స్పార్క్ రాదు.

మూడోది, డిస్ట్రిబ్యూటర్ మూత తీసి సెల్ఫ్ కొట్టించి రోటర్ తిరుగుతోందా లేదా చూడటం. తిరగకపోతే వైర్లతో కుస్తీ పట్టి లాభం లేదు. మారుతి 800 లాంటి వాటిలో టైమింగ్ బెల్టు తెగితే ఇదే జరుగుతుంది. అప్పుడు సెల్ఫ్ చప్పుడు కూడా మారి, ఇంజిన్ బరువు లేనట్టు తేలిగ్గా తిరుగుతుంది. ఇక కొట్టకుండా ఆపేయాలి.

తాళంచెవి దగ్గర బండి చెప్పే సంగతి మరొకటుంది. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ అందుకోకుండా, తాళం వదిలిన క్షణంలో ఒకసారి దగ్గినట్టు అందుకోబోతే, సెల్ఫ్ కొట్టే సమయంలో కాయిల్‌కు కరెంటు చాలడం లేదు. స్విచ్ లోపలి అరుగుదల గానీ, నీరసించిన బ్యాటరీ గానీ కారణం కావొచ్చు.

నడిమి తూము

కాలువ చివరి మడికి నీళ్లు అందకపోతే రైతు కాలువ పొడుగునా తవ్వుకుంటూ పోడు. నడిమి తూము దగ్గరికి వెళ్లి చూస్తాడు. అక్కడ నీళ్లుంటే గండి కిందుంది, లేకపోతే పైనుంది. స్పార్క్ దారిలో ఆ నడిమి తూము కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ మూతకు వెళ్లే లావు వైరు.

ఆ వైరును మూత నుంచి లాగి, రబ్బరు పిడుల పట్టకారుతో పట్టుకుని, దాని కొసను ఇంజిన్ లోహానికి ఆరు మిల్లీమీటర్ల దూరంలో ఉంచండి. కార్బ్యురేటర్‌కు దూరంగా ఉండాలి. తాళం ఆన్ చేసి సెల్ఫ్ కొట్టించండి. లావుగా, నీలంగా నిప్పు దూకితే బ్యాటరీ, స్విచ్, కాయిల్, పాయింట్లు, కండెన్సర్ అన్నీ ఒక్క దెబ్బకు నిర్దోషులు. ఇక చూడాల్సింది మూత, రోటర్, వైర్లు, ప్లగ్గులే. నిప్పు దూకకపోతే మూత వైపు వెళ్లే పనే లేదు. ప్లగ్గులు గీకే పెద్దాయనను మర్యాదగా ఆపొచ్చు. మిగతా పనంతా ఈ విరుపునే మళ్లీ మళ్లీ చేయడం.

నడిమిదాకా నిప్పు రాకపోతే

ఇక్కడ పనిముట్టు 12 వోల్టుల చిన్న బల్బు, దానికి రెండు వైర్లు. ఒక వైరు బాడీకి ఎర్త్ చేసి, తాళం ఆన్‌లో ఉంచి, రెండోది కాయిల్‌కు కరెంటు వచ్చే మొనకు తగిలించండి. పాత లూకాస్ కాయిల్ మీద అక్కడ ఎస్‌డబ్ల్యూ అని, తర్వాతి వాటి మీద ప్లస్ గుర్తు ఉంటుంది. బల్బు వెలగకపోతే తప్పు స్విచ్‌లోనో, వైరులోనో, ఫ్యూజులోనో ఉంది. బ్యాటరీ ప్లస్ నుంచి ఆ మొనకు ఒక వైరు నేరుగా ఇచ్చి చూడండి. బండి అందుకుంటే విషయం తేలిపోయింది. కానీ అలా ఇచ్చిన వైరు తీసేదాకా తాళం తిప్పినా ఇంజిన్ ఆగదని గుర్తుంచుకోవాలి.

ఆ మొనలో కరెంటు ఉంటే బల్బు వైరును కాయిల్ రెండో మొనకు, అంటే సీబీ లేదా మైనస్ అని రాసి ఉన్న చోటికి మార్చండి. సెల్ఫ్ కొట్టించండి. పాయింట్లు తెరుచుకున్నప్పుడు బల్బు వెలగాలి, మూసుకున్నప్పుడు ఆరాలి. అంటే మిణుకుమిణుకుమనాలి. అలా అంటే పాయింట్లు తమ పని తాము చేస్తున్నట్టు. అయినా నిప్పు రావడం లేదంటే మిగిలింది కండెన్సర్, కాయిల్ సన్న చుట్టు, ఆ లావు వైరు. కండెన్సర్ చౌక, ముందు దాన్నే మార్చి చూడండి. పాయింట్ల మధ్య తెల్లని మంటలా నిప్పు ఎగురుతుంటే అనుమానం కండెన్సర్ మీదే.

బల్బు మిణుకుమనకుండా అదేపనిగా వెలుగుతుంటే పాయింట్ల దగ్గర ఎర్త్ దొరకడం లేదు. నెలల తరబడి షెడ్డులో నిలిపిన బండికి ఇది తరచుగా వచ్చే జబ్బు. పాయింట్ల ముఖాల మీద బూడిదరంగు పొర కడుతుంది. సన్న ఆకురాయితో గానీ నున్నటి గరుకు కాగితంతో గానీ ఒక్కసారి రుద్ది, శుభ్రమైన కాగితం ముక్కను మధ్యలో పెట్టి లాగితే చాలు. లేదంటే పాయింట్లు అసలు మూసుకోవడం లేదేమో, ఎడం సరిచూడండి. ఇంకో గుప్త శత్రువు డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్లకు వెళ్లే మెత్తని అల్లిక వైరు. వాక్యూమ్ గుంజినప్పుడల్లా పాయింట్లున్న పళ్లెం కదులుతుంది. ఏళ్ల తరబడి వంగీ వంగీ ఆ వైరు తొడుగు లోపలే తెగిపోతుంది. పైకి నిక్షేపంలా కనిపిస్తుంది. వేలితో మెల్లగా లాగితే సాగుతుంది.

బల్బు అసలు వెలగకపోతే డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే సన్న వైరును కాయిల్ దగ్గర ఊడదీయండి. ఇప్పుడు వెలిగితే కాయిల్ లావు చుట్టు బాగుంది, డిస్ట్రిబ్యూటర్ లోపలే ఏదో బాడీకి తగులుతోంది. పాయింట్లు బిగించేటప్పుడు ఇన్సులేషన్ వాషర్ తారుమారు కావడమో, కండెన్సర్ లోపల షార్ట్ కావడమో అయి ఉంటుంది. నిన్ననే కొత్త పాయింట్లు వేయించి ఇవాళ బండి అందుకోకపోతే ముందుగా చూడాల్సింది ఆ వాషర్‌నే. వైరు తీసినా వెలగకపోతే కాయిల్ పోయినట్టే.

నడిమిదాకా నిప్పు వస్తే

మూతను వెలుతురులో తిప్పి తిప్పి చూడండి. లోపలి గోడ మీద పెన్సిలుతో గీసినట్టు సన్నని నల్ల గీత కనిపిస్తే అది కార్బన్ బాట. నిప్పు ప్లగ్గుకు వెళ్లకుండా ఆ బాటన బాడీకి జారిపోతోంది. తుడిస్తే పోదు, మూత మార్చాలి. నడుమ కార్బన్ ముక్క ఉందా, స్ప్రింగు మీద ఆడుతోందా చూడండి. వానాకాలంలో, సముద్రతీరపు ఊళ్లలో మూత లోపల చెమ్మ పడితే చాలు, బండి మొరాయిస్తుంది. పొడిగుడ్డతో తుడిచి ఎండలో పెడితే నయమయ్యే జబ్బు ఇదొక్కటే.

రోటర్‌ను చూసి చెప్పలేం, పరీక్షించాలి. మూత తీసి ఉండగా కాయిల్ లావు వైరు కొసను రోటర్ మీది ఇత్తడి రేకుకు కొద్దిగా ఎడంగా పట్టుకుని సెల్ఫ్ కొట్టించండి. మంచి రోటర్ అయితే నిప్పుకు ముందు దారి ఉండదు కాబట్టి బలంగా దూకదు. లావుగా దూకుతూ ఉంటే రోటర్ ఒంటిలోంచి ఇరుసులోకి కారిపోతోందని అర్థం. రేకును రివెట్‌తో బిగించిన నాసిరకం రోటర్లలో ఈ కారుడు ఎక్కువ. కంటికి కొత్తగానే ఉంటాయి, కారును మాత్రం కదలనివ్వవు.

వైర్లు చివరగా చూడండి. ఎలుకలు కొరికాయా, ఇంజిన్ వేడికి పెళుసెక్కాయా, మొనల్లో ఆకుపచ్చ చిలుం పట్టిందా అని. చీకట్లో బానెట్ ఎత్తి సెల్ఫ్ కొట్టిస్తే, కారే చోట నీలి మెరుపులు వాటంతటవే కనిపిస్తాయి. ప్లగ్గుల వంతు కూడా వచ్చింది. పలుమార్లు సెల్ఫ్ కొట్టడం వల్ల పెట్రోలుతో తడిసి ఉంటాయి. ఆరబెట్టి, ఎడం 0.6 మిల్లీమీటర్లకు సరిచేసి బిగిస్తే సరి.

రోహిణి ఎండలో ఆగే బండి

పొద్దున చక్కగా అందుకుంటుంది. మధ్యాహ్నం హైవే మీద ఆగిపోతుంది. అరగంట చెట్టు నీడన ఉంచితే ఏమీ ఎరగనట్టు మళ్లీ నడుస్తుంది. మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లేసరికి జబ్బు కనిపించదు. ఎండాకాలంలో పాత కార్లవాళ్లను ఎక్కువగా సతాయించేది ఇదే. దీనికి రెండు కారణాలుంటాయి. ఒకటి, వేడెక్కిన కాయిల్‌లోనో కండెన్సర్‌లోనో లోపలి తీగ ఎడమవడం. రెండోది, పెట్రోలు పంపులోనో గొట్టంలోనో పెట్రోలు ఆవిరై గాలి పట్టడం.

రెండిటికీ రోడ్డు మీద చేసే వైద్యం ఒకటే, తడిగుడ్డ. అందుకే రోగం తేలదు. కాయిల్ మీదా, పంపు మీదా ఒకేసారి నీళ్లు పోస్తే బండి నడుస్తుంది గానీ తప్పు ఎవరిదో ఎప్పటికీ తెలియదు. బండి ఆగిన వెంటనే, వేడి తగ్గకముందే, లావు వైరు దగ్గర నిప్పు చూడండి. వస్తోందంటే పంపు మీద గుడ్డ వేయండి. రావడం లేదంటే కాయిల్ మీద వేసి మళ్లీ చూడండి. ఒక్కసారికి ఒక్కదాన్నే చల్లార్చాలి.

పాయింట్లు పోయాక

తర్వాతి కార్లలో పాయింట్ల చోట పికప్ కాయిల్, ఇగ్నైటర్ వచ్చాయి. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800కు మూడు సిలిండర్లు, వంతు 1-3-2. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కారులోనూ దారి అదే. కాయిల్‌కు కరెంటు వస్తోందా, దాన్ని తెంపేవాడు తెంపుతున్నాడా, పుట్టిన నిప్పు ప్లగ్గుదాకా చేరుతోందా అన్న మూడు ప్రశ్నలే. తేడా ఒక్కటి. ఇందులో లావు వైరును గాలిలో వదిలి సెల్ఫ్ కొట్టకూడదు. నిప్పుకు ఎర్త్ దొరక్కపోతే ఆ దెబ్బ ఇగ్నైటర్ మీద పడుతుంది. వైరు కొసకు పాత ప్లగ్గు తగిలించి, దాన్ని ఇంజిన్‌కు గట్టిగా ఆనించి చూడాలి.

మారుతి 800 తయారీ 2014 జనవరిలో, అంబాసిడర్ తయారీ అదే ఏడాది మేలో ఆగిపోయాయి. బళ్లు ఇంకా మిగిలాయి, సామాన్ల కథే మారింది. హైదరాబాద్ పుత్లీబౌలి, జాంబాగ్ దుకాణాల్లో, విజయవాడ ఆటోనగర్‌లో వెతికితే పాయింట్లు, కండెన్సర్లు దొరుకుతాయి. మద్రాసులో 1961లో మొదలైన లూకాస్-టీవీఎస్ డబ్బాలో వచ్చిన పాత నిల్వ దొరికితే అదృష్టం. చాలాచోట్ల చేతికొచ్చేది పేరూ ఊరూ లేని నకలే. అలాంటప్పుడు బాగున్న పాత సామాను తీసేసి నాసిరకం కొత్తది వేయడమంటే డబ్బిచ్చి జబ్బు కొనుక్కోవడం. ఈ వరసకు విలువ పెరిగింది అందుకే. పరీక్షలో తప్పిన సామాను మాత్రమే మారాలి.

ఇవి మరవొద్దు

• గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ లాగి ఉండాలి. చీర కొంగు, పంచె, చున్నీ ఫ్యానుకు దూరంగా ఉండాలి.
• పెట్రోలు కారుతున్న చోట, ప్లగ్గు గూళ్ల ముందు నిప్పు పరీక్ష చేయకూడదు.
• గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు స్పార్క్ పరీక్షల దగ్గరికే రాకూడదు.
• ఇంజిన్ తిరగకుండా తాళం చాలాసేపు ఆన్‌లో ఉంచితే, పాయింట్లు మూసుకుని ఉన్నప్పుడు కాయిల్ కాలిపోతుంది.
• ప్లగ్గు వైర్లు తీసేముందు ఒక్కోదానికి నంబరు చీటీ అంటించండి.

డిక్కీలో ఉండాల్సినవి

టెస్ట్ ల్యాంపు, ఫీలర్ గేజ్, ప్లగ్గు పానా, రెండు మీటర్ల వైరు, సన్న గరుకు కాగితం, పొడిగుడ్డ. విడిగా ఒక జత పాయింట్లు, కండెన్సర్, రోటర్. ఇవి కొత్తవే కానక్కర్లేదు. మీ బండిలోనే కొన్నాళ్లు నడిచి, బాగున్నాయని రుజువైనవి అయితే ఇంకా మంచిది.

ఆఖరి పరీక్ష

తప్పు దొరికింది, సామాను మార్చారు, బండి అందుకుంది. చాలామంది ఇక్కడే బానెట్ మూసేస్తారు. మంచి మేస్త్రీ మాత్రం ఇంకో పని చేస్తాడు. తీసేసిన పాత సామానునే మళ్లీ వేసి సెల్ఫ్ కొడతాడు. బండి అందుకోకపోతే రోగం అదేనని రుజువైంది. కొత్తది బిగించి, పాతదాన్ని పారేయొచ్చు. అందుకుంటే మాత్రం ఆ సామానుది తప్పు కాదు. మార్చేటప్పుడు చేయి తగిలి ఏదో వదులు వైరు కుదురుకుంది, ఇవాళ కాకపోతే రేపు మళ్లీ ఊడుతుంది. ఆ వైరును ఇప్పుడే, ఇంటి ముందు నీడలో వెతుక్కోవడం మేలు.